నగర పత్రిక ఏడాదికి ఎన్నిసార్లు రావాలి?



అమెరికాలో చాలా నగరాలకు ఒక అలవాటు ఉంది. నగర కౌన్సిల్ తన ఖర్చుతో ఒక చిన్న పత్రిక అచ్చు వేయించి, ఊళ్లోని ప్రతి ఇంటికీ పోస్టులో పంపుతుంది. చందా కట్టనక్కర్లేదు, ఎవరినీ అడగనక్కర్లేదు. నాలుగు పేజీలు కావచ్చు, పదహారు పేజీలు కావచ్చు. చెత్తబండి వచ్చే రోజు మారితే ఆ సంగతి అందులో ఉంటుంది. ఏ వీధిలో రోడ్డు తవ్వబోతున్నారు, లైబ్రరీ ఏ వేళల్లో తెరుస్తారు, పిల్లలకు ఈత తరగతులు ఎప్పుడు మొదలవుతాయి, నీటి ఛార్జీలు పెంచే ఆలోచన ఉందా, కౌన్సిల్ ఎప్పుడు సమావేశమవుతుంది, ఇవన్నీ ఉంటాయి. దీన్ని అక్కడ న్యూస్‌లెటర్ అంటారు. మనం నగర పత్రిక అనుకుందాం.

ఈ పత్రిక ఏడాదికి ఎన్నిసార్లు పంపాలి? నెలనెలా పన్నెండు సార్లా? రెండు నెలలకొకసారి ఆరు సంచికలా? మూడు నెలలకొకసారి నాలుగు చాలా? బడ్జెట్ వేసే రోజుల్లో ఈ ప్రశ్న కౌన్సిళ్ల ముందుకు వస్తూ ఉంటుంది. రోడ్లు, పోలీసులు, మురుగునీటి పనుల పద్దుల మధ్య ఇది చాలా చిన్న పద్దు. అందుకే ఎక్కువ చర్చ లేకుండా, నిరుడు ఎంత ఖర్చయింది, ఈసారి ఎంత తగ్గించవచ్చు అన్న లెక్కతోనే తేల్చేస్తారు. ఇది డబ్బు లెక్కతో తేలే ప్రశ్న కాదని నా నమ్మకం. ఊరి నిర్ణయాల గురించి ఊరివాళ్లకు తెలియాల్సిన వేళకు తెలుస్తోందా లేదా అన్నదే ఇందులో అసలు విషయం. ఆ వేళను కొలబద్దగా పట్టుకుంటే ఎన్ని సంచికలన్న ప్రశ్నకు సమాధానం దానంతట అదే దొరుకుతుంది. ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నది అదే.

ముందు ఈ పత్రిక ఇల్లు ఎలా చేరుతుందో చూద్దాం. అమెరికా తపాలా శాఖ 2011లో 'ఎవ్రీ డోర్ డైరెక్ట్ మెయిల్' అనే సేవ ప్రారంభించింది. పంపేవాళ్లు పేర్లూ చిరునామాలూ రాయనక్కర్లేదు. పోస్ట్‌మన్ రోజూ తిరిగే దారులను ఎంచుకుని, ఆ దారిలో ఎన్ని ఇళ్లుంటే అన్ని ప్రతులు కట్టలు కట్టి పోస్టాఫీసులో అప్పగిస్తే చాలు. పోస్ట్‌మన్ ప్రతి పెట్టెలోనూ ఒకటి వేస్తాడు. పత్రిక మీద 'లోకల్ పోస్టల్ కస్టమర్' అని మాత్రమే ఉంటుంది. అంటే అది ఒక మనిషికి వచ్చిన ఉత్తరం కాదు, ఒక ఇంటికి వచ్చిన ఉత్తరం.

ఈ చిన్న ఏర్పాటులో పెద్ద న్యాయం ఉంది. ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్లకే పంపితే చాలామంది మిగిలిపోతారు. టెక్సాస్‌లో ఫ్రిస్కో, ఇర్వింగ్, కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, న్యూజెర్సీలో ఎడిసన్ వంటి ఊళ్లలో మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. వాళ్లలో చాలామంది ఇంకా వీసాల మీద ఉన్నవాళ్లే. వాళ్లకు అక్కడ ఓటు లేదు. కానీ కొన్న ఇంటికి ఆస్తి పన్ను కడతారు, అద్దె ఇంట్లో ఉంటే అద్దెలో కలిపి కడతారు. వాళ్ల పిల్లలు ఆ ఊరి పార్కుల్లో ఆడతారు, ఆ లైబ్రరీల్లో చదువుతారు. కౌన్సిల్ సమావేశంలో లేచి మాట్లాడడానికి ఓటరు కార్డు అక్కర్లేదు, ఎవరైనా మాట్లాడవచ్చు. అయితే ఎప్పుడు వెళ్లి మాట్లాడాలో తెలియాలి కదా. ఇంటికి వచ్చే ఆ పత్రికే వాళ్లకు తెలియజేస్తుంది. అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్న తల్లిదండ్రులు ఈ ప్రసంగం వింటూ ఉంటే ఒక మాట చెబుతాను. పోస్టు పెట్టెలో వ్యాపార ప్రకటనల కాగితాల మధ్య ఆ పత్రిక కనిపిస్తే పక్కన పడేయకండి. ఆ ఊరు మీ ఇంటికి రాసిన ఉత్తరం అది.

ఇక ఖర్చు సంగతి. పత్రిక ఖర్చు రెండు రకాలు. రాయడం, ఫొటోలు, పేజీలు పేర్చడం ఒక రకం. ఇది ఎన్ని ప్రతులు వేసినా ఒక్కటే. కాగితం, అచ్చు, తపాలా రెండో రకం. ఇవి ప్రతుల సంఖ్యను బట్టి పెరుగుతాయి. తపాలాలో ఇంకో మెలిక ఉంది. ఒక పరిమితి దాకా బరువు ఎంతున్నా ప్రతికి ఛార్జీ ఒక్కటే. నాలుగు పేజీల పలుచటి సంచికకూ, పదహారు పేజీల సంచికకూ దాదాపు ఒకే తపాలా ఖర్చు. నలభై వేల ఇళ్లున్న ఒక నగరాన్ని ఊహించుకోండి. ఏడాదికి నాలుగు సంచికలైతే తపాలా శాఖకు అప్పగించే ప్రతులు లక్షా అరవై వేలు. పన్నెండైతే నాలుగు లక్షల ఎనభై వేలు. పేజీలు పెంచితే ఖర్చు కొద్దిగా పెరుగుతుంది, సంచికలు పెంచితే ఖర్చు మొత్తంగా పెరుగుతుంది. అందుకే చాలా నగరాలు ఉన్న విషయమంతా కూర్చి మూడు నెలలకొకసారి కాస్త లావుపాటి సంచిక తేవడం వైపు మొగ్గుతాయి. పార్కుల శాఖ వాళ్లు ఋతువుకొకసారి తెచ్చే తరగతుల పట్టికను కూడా దాంట్లోనే కలిపేస్తారు.

డబ్బు మిగల్చడానికి ఇంకో దారి కూడా వెతుకుతారు. నీటి బిల్లు ఎలాగూ ఇంటికి వెళ్తుంది, ఆ కవర్లోనే ఒక కాగితం పెడితే పోదా అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అపార్టుమెంట్లలో అద్దెకున్నవాళ్లకు చాలా చోట్ల నీటి బిల్లు రాదు, యజమానికి వెళ్తుంది. బిల్లు ఆన్‌లైన్‌లో కట్టేవాళ్లకు కవరే రాదు. ఆ దారి పట్టుకుంటే అద్దెకున్నవాళ్లు, వయసులో చిన్నవాళ్లు, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు జారిపోతారు. నగరం మాట ఎవరికి అందాలో వాళ్లే మిగిలిపోతారు.

ఈమెయిల్ పంపితే సరిపోదా అని కూడా అడుగుతారు. పంపాల్సిందే, కానీ అది అచ్చు పత్రికకు బదులు కాదు. ఈమెయిల్ కోసం పేరు నమోదు చేసుకునేది ఊరి సంగతుల మీద అప్పటికే ఆసక్తి ఉన్నవాళ్లు. తెలిసినవాళ్లకే మళ్లీ మళ్లీ తెలుస్తుంది. ఇంటికి వచ్చిన కాగితం బల్ల మీద ఉంటుంది. తాతయ్య చదువుతారు, కోడలు చదువుతుంది, స్కూలు నుంచి వచ్చిన మనవడూ తిరగేస్తాడు.

అయితే ఎంత తరచుగా పంపితే అంత మంచిదేనా? కాదు. దీనికి ఇంగ్లండు అనుభవం గట్టి ఉదాహరణ. లండన్‌లో టవర్ హామ్లెట్స్ అనే కౌన్సిల్ 'ఈస్ట్ ఎండ్ లైఫ్' పేరుతో వారపత్రిక తెచ్చేది. గ్రీనిచ్ కౌన్సిల్ 'గ్రీనిచ్ టైమ్' అనే వారపత్రిక నడిపింది. హ్యాక్నీ కౌన్సిల్ 'హ్యాక్నీ టుడే'ను పక్షపత్రికగా తెచ్చింది. ప్రజల డబ్బుతో అచ్చయి ఇంటింటికీ ఉచితంగా వెళ్లేవి. స్థానిక విలేకరులూ, వాళ్ల పత్రికల యజమానులూ గగ్గోలు పెట్టారు. కౌన్సిలే వారం వారం ఉచితంగా పత్రిక వేసి, ప్రకటనలు కూడా తీసుకుంటే మేమెలా బతకాలి, కౌన్సిల్‌ను ప్రశ్నించేవాళ్లు ఎవరు మిగులుతారు అని అడిగారు. కౌన్సిళ్ల వాదనలోనూ నిజం లేకపోలేదు. ప్లానింగ్ అనుమతులు, ట్రాఫిక్ మార్పుల నోటీసులు చట్టప్రకారం పత్రికలో వేయించాలి. బయటి పత్రికకు ఆ డబ్బు కట్టే బదులు సొంత పత్రికలో వేస్తే చవక. పైగా బయటి పత్రిక కొనని పేద ఇళ్లకు కూడా మా పత్రిక వెళ్తుంది అన్నారు.

అప్పటి స్థానిక పాలనా మంత్రి ఎరిక్ పికిల్స్ హయాంలో, 2011 మార్చి 31న కొత్త ప్రచార నియమావళి అమల్లోకి వచ్చింది. కౌన్సిళ్లు తమ పత్రికలను మూడు నెలలకొకసారికి మించి తేకూడదని అందులో ఉంది. మన పంచాయతీల వంటి పారిష్ కౌన్సిళ్లు మాత్రం నెలకొకసారి దాకా తెచ్చుకోవచ్చు. నియమావళి వచ్చినా కొన్ని కౌన్సిళ్లు వారపత్రికలు ఆపలేదు. దాంతో 2014లో చట్టం చేసి, నియమావళి పాటించమని ఆదేశించే అధికారాన్ని మంత్రికి ఇచ్చారు. గ్రీనిచ్ కోర్టుకెక్కింది. చివరికి 2016లో టవర్ హామ్లెట్స్, గ్రీనిచ్ వారపత్రికలు రెండూ ఆగిపోయాయి.

ఈ కథలో ఏ పక్షం గెలిచిందన్నది నాకు ముఖ్యం కాదు. ఒక పాలకమండలి వారం వారం తన గురించి తాను చెప్పుకుంటూ పోతే, ఊరికి వినిపించే గొంతు అదొక్కటే అవుతుంది. పేజీలు నింపాలి కాబట్టి రిబ్బన్లు కత్తిరించిన ఫొటోలు వేస్తారు. చెప్పాల్సిన విషయం లేని వారాల్లో పొగడ్త రాస్తారు. చదివేవాడు రెండు మూడు సంచికలు చూసి, ఇందులో నాకు పనికొచ్చేది ఏమీ లేదని తేల్చుకుంటాడు. ఆ తర్వాత నిజంగా పనికొచ్చే వార్త వచ్చినా చదవడు. అతి తరచుదనం వల్ల జరిగే అసలు నష్టం అదే. డబ్బు వృథా కావడం దాని తర్వాతి మాట.

ఇంగ్లండు నియమావళి చిన్న సంస్థకు నెలకొకసారి, పెద్ద సంస్థకు మూడు నెలలకొకసారి అని పెట్టడంలో కూడా ఒక ఆలోచన కనిపిస్తుంది. పారిష్ పత్రిక చిన్నది, ఎక్కువగా ఊళ్లో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు చేత్తో పంచేది. అది వ్యాపార పత్రికలతో పోటీ పడదు. తరచుదనం పంచేవాళ్ల శక్తి మీద కూడా ఆధారపడుతుందని జపాన్ చూపిస్తుంది. అక్కడ చాలా నగరాలు నెలలో 1వ తేదీన, 15వ తేదీన పత్రిక తెచ్చేవి. అనేక చోట్ల వాటిని ఇంటింటికీ అందించేది పేటల సంఘాలవాళ్లు. ఆ సంఘాల్లో వయసు మళ్లినవాళ్లు ఎక్కువయ్యారు, చేతులు తగ్గాయి. అందుకే చాలా నగరాలు నెలకు ఒక్క సంచికకు దిగాయి. అక్కడ సంచికలు తగ్గడానికి కారణం కాగితం ధర ఒక్కటే కాదు, నడిచి పంచే మనిషి అలసట కూడా.

ఇప్పుడు కాలిఫోర్నియాకు వద్దాం. సలీనాస్ నగరంలో 2002లో ఒక ఎన్నిక జరిగింది. కరెంటు, గ్యాస్, ఫోన్ బిల్లుల మీద నగరం వేసే పన్ను రద్దు చేయాలా వద్దా అన్నది ఆ ఓటు. పన్ను రద్దయితే ఏయే సేవలు తగ్గించాల్సి వస్తుందో నగరం తన త్రైమాసిక పత్రిక 'సిటీ రౌండప్'లో రాసి ఇళ్లకు పంపింది. ప్రజల డబ్బుతో ప్రచారం చేశారంటూ కేసు పడింది. ఆ కేసు కాలిఫోర్నియా సుప్రీం కోర్టు దాకా వెళ్లి 2009లో తేలింది. నగరం తప్పు చేయలేదని కోర్టు చెప్పింది. కారణాలు గమనించండి. పత్రికలో మాట మితంగా ఉంది, సమాచారం ఇచ్చింది తప్ప ఇలా ఓటేయండని అనలేదు. అంతకన్నా ముఖ్యంగా, అది ఎన్నికల కోసం ప్రత్యేకంగా వేసిన సంచిక కాదు. ఎప్పటిలాగే, ఊరందరికీ వెళ్లే మామూలు సంచిక. ఇలాంటి వాటిని తూచేటప్పుడు శైలి, ధోరణి, పంపిన సమయం చూడాలని అదే కోర్టు 1976లో మరో కేసులో చెప్పింది.

ఆ తీర్పు నుంచి నేను తీసుకునే పాఠం ఇది. పత్రిక ఎన్నిసార్లు వస్తుందన్నదాని కన్నా, ఎప్పుడు వస్తుందో ముందే ఖాయమై ఉండడం ముఖ్యం. తేదీలు పాలకుల చేతిలో ఉంటే, గొప్పలు చెప్పుకోవాల్సినప్పుడు పత్రిక వస్తుంది, చెడ్డవార్త ఉన్నప్పుడు ఆలస్యమవుతుంది. తేదీలు ఏడాది ముందే తీర్మానమై ఉంటే, ఆ సంచిక మంచిదైనా చెడ్డదైనా ఆ రోజున రావాల్సిందే. పాలకుడికి అది పగ్గం, పౌరుడికి అది భరోసా.

ఇప్పుడు అసలు లెక్క చేద్దాం. కాలిఫోర్నియాలో 1996లో ఓటర్లు ఆమోదించిన 218వ ప్రతిపాదన ప్రకారం, నీటి ఛార్జీ, మురుగునీటి ఛార్జీ, చెత్త ఛార్జీ పెంచాలంటే బహిరంగ విచారణకు కనీసం 45 రోజుల ముందు పోస్టులో నోటీసు పంపాలి. ఆ ఛార్జీ పడే ఆస్తుల యజమానుల్లో సగానికి మించి రాతపూర్వకంగా వద్దంటే పెంపు ఆగిపోవాలి. చాలా గట్టి హక్కు అది. కానీ ఆ నోటీసులో ఉండేది చట్టం భాష. ఎందుకు పెంచుతున్నారు, పెంచకపోతే ఏ పైపులు పాడవుతాయి, పక్క ఊళ్లో ఎంత కడుతున్నారు అన్నది తీరిగ్గా వివరించాల్సింది నగర పత్రికే.

ఒక నిర్ణయానికి ప్రజల ముందున్న గడువు 45 రోజులు అనుకుందాం. పత్రిక మూడు నెలలకొకసారి, అంటే దాదాపు 90 రోజులకొకసారి వస్తుంది. అప్పుడు ఆ 45 రోజుల్లో ఒక సంచిక వచ్చే అవకాశం సగమే. మిగతా సగం సందర్భాల్లో ఆ విషయం రెండు సంచికల మధ్య పుట్టి, రెండు సంచికల మధ్యే తేలిపోతుంది. తర్వాతి సంచిక పెళ్లి అయిపోయాక అందిన శుభలేఖ అవుతుంది. రెండు నెలలకొకసారి వస్తే నాలుగింట మూడు సందర్భాలు దొరుకుతాయి. నెలనెలా వస్తే అన్నీ దొరుకుతాయి. దీనికి తోడు రాత, ఆమోదం, అచ్చు, పోస్టాఫీసు, ఇల్లు చేరడం అన్నీ కలిపి వారాలు పడతాయి. ఈ లెక్క చూస్తే నెలనెలా పంపాల్సిందే అనిపిస్తుంది. కానీ నెలనెలా పంపితే ఖర్చు మూడింతలు, పేజీలు నింపే తాపత్రయం మూడింతలు. మరి దారేది?

ఇక్కడ ప్రశ్ననే తిరగేయాలి. నిర్ణయాల వెంట పత్రిక పరుగెత్తడం ఎందుకు? పత్రిక కోసం నిర్ణయాలు ఆగితే సరిపోతుంది కదా. బహిరంగ విచారణ తేదీ పెట్టేది ఎవరు? కౌన్సిలే. పత్రిక తేదీ పెట్టేది ఎవరు? కౌన్సిలే. రెండూ తన చేతిలోనే ఉన్నప్పుడు, పన్ను, ఛార్జీ, భూమి వినియోగం మార్పు, పార్కు లేదా లైబ్రరీ మూసివేత వంటి పెద్ద విషయం ఏదైనా సరే, ముందుగా ఒక సంచికలో వచ్చి, అది ఇళ్లకు చేరి, కనీసం మూడు వారాలు గడిచాకే విచారణకు పెట్టాలని ఒక నియమం చేసుకోవచ్చు. వరద, తుఫాను, పైపు పగలడం వంటి అత్యవసరాలకు మినహాయింపు ఉంటుంది. అలాంటి వాటికి ఎలాగూ పత్రిక పనికిరాదు, ఫోన్ సందేశాలే దిక్కు.

ఈ నియమం ఉంటే మూడు నెలలకొక సంచిక చాలు. ఏడాదికి నాలుగు. తేదీలు ముందే తీర్మానం. ప్రతి సంచిక మొదటి పేజీలో రాబోయే మూడు నెలల్లో కౌన్సిల్ ముందుకు వచ్చే పెద్ద నిర్ణయాల జాబితా, ఏ తేదీన, ఎక్కడ, ఎలా మాట చెప్పాలో ఉండాలి. జరిగిపోయిన వేడుకల ఫొటోలు చివరి పేజీకి వెళ్లాలి, లేదా పూర్తిగా పోవాలి. ఎన్నిసార్లు అన్న ప్రశ్నకు నా సమాధానం ఇదీ. కనీసం నాలుగు, తేదీలు ముందే ఖాయం, నిర్ణయం ఎప్పుడూ పత్రిక తర్వాతే.

ఒక మినహాయింపు చెప్పాలి. 2005 నుంచి ఇప్పటిదాకా అమెరికా తన వార్తాపత్రికల్లో మూడో వంతుకు పైగా పోగొట్టుకుంది. చాలా చిన్న ఊళ్లలో కౌన్సిల్ సమావేశానికి వెళ్లి రాసే విలేకరి ఒక్కడూ లేడు. అలాంటి ఊరికి నాలుగు సంచికలు తక్కువే, ఆరైనా ఉండాలి. కానీ విలేకరి లేని ఊళ్లో కౌన్సిల్ పత్రికే ఏకైక గొంతు అవుతుంది కనుక, అక్కడ జాగ్రత్తలు కూడా రెట్టింపు కావాలి.

ఆ జాగ్రత్తలు ఎలా ఉండాలో ఫ్రాన్స్ చూపించింది. అక్కడ 2002లో వచ్చిన చట్టం ప్రకారం, 3,500 లేదా అంతకు మించిన జనాభా ఉన్న ప్రతి మునిసిపాలిటీ తన పత్రికలో ప్రతిపక్ష సభ్యులకు కొంత చోటు తప్పనిసరిగా కేటాయించాలి. 2020 నుంచి ఆ హద్దును వెయ్యి జనాభాకు తగ్గించారు. వెయ్యి మంది ఉన్న ఊళ్లో కూడా, మేయర్ పత్రికలోనే మేయర్‌తో విభేదించేవాళ్ల మాట అచ్చవుతుందన్నమాట. కాలిఫోర్నియాలో ఇంకో కట్టడి ఉంది. 1988లో ఓటర్లు ఆమోదించిన చట్టం వల్ల, ప్రజల డబ్బుతో ఇళ్లకు పెద్ద ఎత్తున పంపే కాగితాల్లో ఎన్నికైన నాయకుల ఫొటోలు వేసి వాళ్లను ప్రముఖంగా చూపించడం కుదరదు. అందుకే అక్కడి నగర పత్రికల్లో నాయకుల ముఖాల కన్నా నీటి పైపులే ఎక్కువ కనిపిస్తాయి. అలాగే ఉండాలి.

తరచుదనం ఎంత ముఖ్యమో తాగునీటి నివేదికలు మరోలా చెబుతాయి. అమెరికాలో 1996 చట్ట సవరణ తర్వాత, నీటి సరఫరా సంస్థలు ఏటా ఒకసారి తమ నీళ్లలో ఏముందో ప్రజలకు నివేదిక ఇవ్వాలి. ఏడాదికొకసారి చాలదని తర్వాత తేల్చారు. 2024లో మార్చిన నిబంధన ప్రకారం, పదివేల మందికి లేదా అంతకు మించి నీళ్లిచ్చే సంస్థలు 2027 నుంచి ఏడాదికి రెండుసార్లు నివేదిక అందించాలి. నీటిలో సీసం ఉందన్న సంగతి ఏడాది ఆలస్యంగా తెలిస్తే, ఆ ఏడాదంతా పిల్లలు ఆ నీళ్లే తాగి ఉంటారు. సమాచారానికి గడువు పెట్టడం ప్రాణాలకు సంబంధించిన విషయమని చట్టమే ఒప్పుకున్న సందర్భం ఇది.

ఇక మన దగ్గరకు వద్దాం. మన నగరాల్లో ఇలా ఇంటింటికీ పోస్టులో పత్రిక పంపే ఆనవాయితీ స్థిరపడలేదు. కానీ చట్టం ఆ దిశగా ఎప్పుడో వేలు చూపింది. 2005 సమాచార హక్కు చట్టం అనగానే మనకు అర్జీ, పది రూపాయల రుసుము, ముప్ఫై రోజుల గడువు గుర్తొస్తాయి. అదే చట్టంలో 4వ సెక్షన్ రెండో ఉపవిభాగం ఉంది. ప్రజలు అర్జీ పెట్టుకునే అవసరం వీలైనంత తగ్గేలా, ప్రభుత్వ సంస్థలు తమంతట తామే, క్రమమైన వ్యవధుల్లో, రకరకాల మార్గాల్లో సమాచారం అందించడానికి నిరంతరం ప్రయత్నించాలని అది చెబుతుంది. క్రమమైన వ్యవధి అన్న మాట చట్టంలోనే ఉంది. ఆ వ్యవధి ఎంతో మన మునిసిపాలిటీలు నిర్ణయించుకోవాలి.

మన ఏడాదికి కూడా సహజమైన తేదీలు ఉన్నాయి. ఏప్రిల్‌లో ఏడాది ఆస్తి పన్ను ముందే కట్టేవాళ్లకు ఐదు శాతం రాయితీ ఇచ్చే ఆనవాయితీ హైదరాబాద్‌లోనూ, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లోనూ ఉంది. ఆ సంగతి మార్చి నెలాఖరుకే ప్రతి ఇంటికీ చేరాలి. మే నెలలో వచ్చే సంచికలో వానలకు ముందు ఏ నాలాలు పూడిక తీశారు, ఏవి తీయలేదు, నీళ్లు నిలిచే చోట్లు ఏవి అన్నది వార్డుల వారీగా ఉండాలి. వానాకాలం మధ్యలో, ఆగస్టులో, డెంగీ, మలేరియా జాగ్రత్తలతో పాటు రోడ్ల మరమ్మతుల జాబితా రావాలి. డిసెంబరులో వచ్చే ఏడాది బడ్జెట్ ముసాయిదా రావాలి, అది ఆమోదం పొందకముందే. అదే నాలుగో సంచిక. మూడు లక్షలు అంతకు మించిన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెప్పింది. ఆ కమిటీల సమావేశాల తేదీలు ప్రతి సంచికలోనూ ఉంటే, వాటికి వెళ్లేవాళ్లు పెరుగుతారు.

పంపేదెలా అంటారా? మన తపాలా శాఖలోనే 'డైరెక్ట్ పోస్ట్' అనే సేవ ఉంది. పేర్లు లేకుండానే ఒక ప్రాంతంలోని ఇళ్లకు కాగితాలు అందించే ఏర్పాటు అది. రాసే భాష వాడుక తెలుగు కావాలి. హైదరాబాద్‌లో ఉర్దూ కూడా ఉండాలి. అక్షరాలు పెద్దవి కావాలి, ముసలివాళ్లు చదువుకునేలా. నాయకుల ఫొటోల మీద హద్దు ఉండాలి. ప్రభుత్వ ప్రకటనల్లో ఎవరి ఫొటోలు వేయవచ్చో సుప్రీం కోర్టు 2015 మే నెలలో గీత గీసింది. 2016 మార్చిలో ఆ గీతను సడలించి ముఖ్యమంత్రులకూ మంత్రులకూ చోటిచ్చింది. కోర్టు సడలించినా, ఇంటికి వచ్చే నగర పత్రికలో ఏ ఫొటో లేకుండా మనమే కట్టడి పెట్టుకోవచ్చు. అది ప్రజల పత్రిక, ప్రజల డబ్బుతో అచ్చయ్యేది.

అచ్చు కాగితం ఇంటికి చేర్చడం పాతకాలపు పని అని ఎవరైనా అంటే, ఒక పాత నిర్ణయం గుర్తుచేస్తాను. 1792లో అమెరికా తన తపాలా చట్టం చేసినప్పుడు, ఉత్తరానికి దూరాన్ని బట్టి 6 నుంచి 25 సెంట్ల దాకా ఛార్జీ పెట్టింది. వార్తాపత్రికకు మాత్రం వంద మైళ్ల దాకా ఒక సెంటు, అంతకు మించితే ఒకటిన్నర సెంట్లే పెట్టింది. కొత్తగా పుట్టిన గణతంత్రం, చేతిలో డబ్బు లేని రోజుల్లో, పౌరుడికి వార్త చేరడాన్ని ఖర్చుగా చూడలేదు. తన పునాది అనుకుంది. ఇవాళ ఒక నగరం తన ఇళ్లకు పత్రిక పంపే ముందు కూడా అదే తూకం వాడాలి.

కాబట్టి శ్రోతల్లారా, మీరు ఎక్కడ ఉన్నా, హ్యూస్టన్‌లో అయినా హనుమకొండలో అయినా, మీ నగర పాలకమండలిని రెండు ప్రశ్నలు అడగండి. ఈ ఏడాది మీరు తీసుకోబోయే పెద్ద నిర్ణయాలు ఏమిటి? వాటి గురించి మా ఇంటికి ఏ తేదీన తెలుస్తుంది? ఆ తేదీ నిర్ణయం తీసుకునే తేదీకి ముందే ఉండాలని పట్టుపట్టండి. అది ఒప్పుకున్న నగరానికి ఎన్ని సంచికలు కావాలో లెక్క వేసుకోవడం కష్టం కాదు. ఒప్పుకోని నగరం నెలకు నాలుగు పత్రికలు పంపినా, దాని నిర్ణయాల్లో మీకు చోటు దొరకదు.